ఒత్తు చేలో కలుపు మందు: నాజిల్ ఎంపిక నుంచి ట్యాంకు లెక్క దాకా

ఎద వరిలో (నాటకుండా విత్తనం చల్లి పెంచే వరిలో) ఊద అనే గడ్డి కలుపు మూడు నాలుగు ఆకుల దశలో ఉండగా బిస్పైరిబాక్ సోడియం అనే కలుపు మందు కొడతారు. పది రోజులు పోయాక చూస్తే చేలో చారలు కనిపిస్తాయి. ఒక గజం మేర ఊద మాడిపోయి ఉంటుంది, దాని పక్కనే జానెడు మేర పచ్చగా నవనవలాడుతూ ఉంటుంది. వెంటనే మందు నకిలీదని అనుమానం వస్తుంది. నకిలీ మందయితే చేనంతా ఒకేలా విఫలమవుతుంది గాని చారలుగా పనిచేయదు. ఆ చారలు వేసేది నాజిల్ (స్ప్రేయర్ రాడ్డు చివర తుంపర వదిలే మూతి), దాన్ని పట్టుకున్న చెయ్యి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ సమస్య ఎక్కువగా రావడానికి కారణం ఉంది. మెట్ట మీదా, కాలువ నీరు ఆలస్యంగా వచ్చే శివారు ఆయకట్టుల్లోనూ వరి ఎద చల్లుతారు. వరి కోతల వేళకు మినుము, పెసర వెదజల్లుతారు. రెంటిలోనూ సాళ్లు ఉండవు. మొక్కల మధ్య నడవడానికి దారి లేదు, గొప్పు తవ్వే వీలూ లేదు. మందు చుక్క పైరు ఆకులను దాటుకుని అడుగున ఉన్న కలుపు మీద పడాలి. అది పడుతుందా లేదా అన్నది మందు డబ్బా కన్నా ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

1. ముందు స్ప్రేయర్‌తో వచ్చిన నాజిళ్లను వేరు చేయండి

బ్యాటరీ స్ప్రేయర్ కొంటే సంచిలో మూడు నాలుగు రకాల నాజిళ్లు ఇస్తారు. వాటిలో కలుపు మందుకు పనికొచ్చేది ఒక్కటి ఉంటే అదృష్టమే.

తిప్పితే సన్న తుంపరగానూ, పొడుగు ధారగానూ మారే నాజిల్‌ను పక్కన పెట్టేయండి. అది పావు చుట్టు తిరిగినా నిమిషానికి వచ్చే నీరు మారిపోతుంది. పొద్దున పెట్టిన లెక్క మధ్యాహ్నానికి ఉండదు.

హాలో కోన్ నాజిల్ పురుగు మందుకు, తెగులు మందుకు. చుక్కలు సన్నగా, గుండ్రంగా చుట్టూ పడతాయి, మధ్యలో తక్కువ. ఆకుల రెండు వైపులా తడపడానికి బాగుంటుంది. కలుపు మందుకు వాడితే సన్న చుక్కలు గాలికి పోతాయి, మిగిలినవి పై ఆకులకే అంటుకుంటాయి. నాలుగు రంధ్రాల నాజిల్ కూడా ఇదే కోవలోకి వస్తుంది.

ఫ్లడ్ జెట్ నాజిల్‌లో నీరు ఒక పలకకు తగిలి వెడల్పుగా విసిరినట్టు పడుతుంది. తక్కువ ఒత్తిడి చాలు, చుక్కలు పెద్దవి. కలుపు మొలవక ముందు నేల మీద కొట్టే మందులకు ఇది సరైనది.

ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ మూతిలో సన్నని చీలిక ఉంటుంది. తుంపర విసనకర్రలా పరుచుకుంటుంది. మధ్యలో ఎక్కువ, రెండు అంచుల్లో తక్కువ. మొలిచిన కలుపు మీద కొట్టే మందులకు ఇదే కావాలి. సంచిలో లేకపోతే విడిగా కొనండి, మందు ఖర్చు పక్కన దీని ఖర్చు లెక్కలోకి రాదు.

పక్కన చిన్న గాలి రంధ్రాలు ఉండే ఎయిర్ ఇండక్షన్ నాజిళ్లు కూడా దొరుకుతున్నాయి. గాలికి కొట్టుకుపోవడం బాగా తగ్గుతుంది. కానీ వాటికి ఒత్తిడి గట్టిగా కావాలి. చేతి పంపుతో, బ్యాటరీ దిగిపోతున్న స్ప్రేయర్‌తో వాడితే విసనకర్ర సగానికి ముడుచుకుంటుంది, చుక్కలు మరీ లావై నిటారు ఊద ఆకు మీద నిలవవు. ట్రాక్టర్ బూమ్‌కు (వరసగా నాజిళ్లు బిగించిన పొడవాటి కడ్డీకి) మంచివి, భుజాన వేసుకునే డబ్బాకు మాత్రం తొందరపడి కొనొద్దు.

2. చుక్క ఎక్కడ పడాలో తేల్చుకోండి

పొడి దుక్కిలో ఎద వేసిన వెంటనే కొట్టే పెండిమిథాలిన్, మొక్కజొన్న విత్తగానే కొట్టే అట్రజిన్ నేల మీద ఒక పొరలా పరుచుకోవాలి. అడ్డు ఏమీ లేదు, పెద్ద చుక్కలు చాలు. ఎకరానికి 200 లీటర్ల నీరు, ఫ్లడ్ జెట్, తడి ఉన్న నేల. పరిచిన పొరను మళ్లీ తొక్కకుండా వెనక్కి నడుస్తూ కొట్టడం మంచిది. ఉభాలు (నాట్లు) వేసిన మడిలో ఇసుకతో కలిపి చల్లే మందులకైతే నాజిల్ ప్రసక్తే లేదు.

అసలు చిక్కు మొలిచిన కలుపుతోనే.

వరి ఆకు నిటారుగా ఉంటుంది. పైనుంచి తిన్నగా, కాస్త బరువుగా వచ్చే చుక్క ఆకుల సందుల్లోంచి కిందికి దిగుతుంది. సన్న చుక్కకు ఆ వేగం ఉండదు. 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) చుక్క 3 మీటర్లు కిందికి పడడానికి దాదాపు 10 సెకన్లు పడుతుంది, ఈలోగా చిరుగాలి కూడా దాన్ని ఎంతో దూరం మోసుకుపోతుంది. అలాగని చుక్కను లావు చేసుకుంటూ పోకూడదు. చుక్క అడ్డకొలత రెట్టింపైతే అందులో పట్టే నీరు ఎనిమిది రెట్లు అవుతుంది. అంటే అదే లీటరు నీటికి చుక్కల సంఖ్య ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఊద ఆకు సన్నం, నిటారు, లావు చుక్క తగిలి జారిపోతుంది. కాబట్టి వరిలో ఊదకు మధ్యస్థ చుక్క కావాలి. 110 డిగ్రీల మామూలు ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ 2 బార్ల ఒత్తిడి దగ్గర ఇచ్చేది దాదాపు అదే.

మినుము, పెసర సంగతి వేరు. ఆకులు అడ్డంగా పరుచుకుంటాయి. పై ఆకు చుక్కను పట్టేసుకుంటే కింద ఉన్న గడ్డికి దక్కదు. ఇక్కడ రెండు పనులు చేయొచ్చు. నీరు పెంచండి. నాజిల్‌ను నేల వైపు తిన్నగా కాకుండా నడిచే దిశలో కొద్దిగా ముందుకు వాల్చి కొట్టండి, వాలుగా వచ్చే చుక్క పక్క సందుల్లోంచి దూరుతుంది. ముందుకూ వెనక్కూ రెండు విసనకర్రలు వేసే ట్విన్ ఫ్యాన్ నాజిల్ ఈ పనిని ఒకేసారి చేస్తుంది. అయితే పైరు పూర్తిగా కమ్మేశాక ఏ నాజిల్ పెట్టినా లాభం లేదు. ఇమాజెథాపిర్, క్విజలోఫాప్ లాంటి మందులు కలుపు రెండు నుంచి నాలుగు ఆకుల దశలో, పైరు ఇంకా నేలను కప్పక ముందే పడాలి. విత్తిన సుమారు 15 నుంచి 20 రోజుల మధ్య. ఆలస్యమైన చేలో ట్విన్ ఫ్యాన్ కొనడం కన్నా కూలీలను పెట్టి పీకించడమే నయం.

మందు స్వభావం కూడా చూడాలి. ఆకులోంచి లోపలికి పాకి మొక్కంతా తిరిగే మందుకు చుక్కలు కొంచెం తక్కువైనా సరిపోతుంది. తగిలిన చోటే మాడ్చే మందుకు కలుపంతా తడవాలి, అందుకు నీరు ఎక్కువ పట్టాలి.

3. కోణం, సైజు, రంగు

మంచి నాజిల్ టిప్ (తుంపర బయటికొచ్చే చివరి ముక్క) మీద 11003 లాంటి అంకె చెక్కి ఉంటుంది. 110 అంటే విసనకర్ర కోణం, 03 అంటే సైజు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం సైజుకో రంగు ఉంది: 01 నారింజ, 015 ఆకుపచ్చ, 02 పసుపు, 03 నీలం, 04 ఎరుపు. 3 బార్ల దగ్గర నిమిషానికి 02 టిప్ 0.8 లీటర్లు, 03 టిప్ 1.2, 04 టిప్ 1.6 లీటర్లు వదులుతాయి. చవక రకాల్లో చూడడానికి బాగుంటుందని రంగు వేసినవీ ఉంటాయి. అంకె లేని టిప్‌ను రంగు చూసి నమ్మొద్దు, కొలిచి వాడండి.

కోణం విషయానికొస్తే, 50 సెంటీమీటర్ల ఎత్తులో 80 డిగ్రీల టిప్ లెక్క ప్రకారం 84 సెంటీమీటర్లు, 110 డిగ్రీల టిప్ 143 సెంటీమీటర్లు పరుస్తుంది. అంచుల్లో పలచగా పడుతుంది కాబట్టి 110 డిగ్రీల టిప్‌తో నికరంగా ఒక మీటరు పట్టీ (ఒక నడకలో తడిసే వెడల్పు) అనుకుని, మిగిలింది పక్క పట్టీ మీద పడనివ్వాలి. ఒత్తు పైరులో 110 డిగ్రీలదే తీసుకోండి. రాడ్డును తక్కువ ఎత్తులో పట్టుకున్నా పట్టీ నిండుతుంది, గాలికి పోయేదీ తగ్గుతుంది.

ఎత్తును కొలవాల్సింది నేల నుంచి కాదు. పైరు తల, కలుపు తల, రెంటిలో ఏది పైకి ఉంటే దాని నుంచి.

4. ఒత్తిడి

నాజిల్ నుంచి వచ్చే నీరు ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి మారుతుంది. మామూలు మాటల్లో చెప్పాలంటే నీరు రెట్టింపు కావాలంటే ఒత్తిడి నాలుగింతలు కావాలి. అందుకే నీరు సరిపోవడం లేదని రెగ్యులేటర్ పెంచితే నీరు కొంచెమే పెరుగుతుంది గాని చుక్కలు పొగలా మారతాయి. నీరు పెంచాలంటే టిప్ సైజు మార్చడమే సరైన దారి.

ఫ్లాట్ ఫ్యాన్‌కు 2 బార్ల చుట్టూ ఉంచండి. ఫ్లడ్ జెట్‌కు 1 బార్ చాలు. గేజ్ లేకపోతే విసనకర్ర ఆకారం చూసి పోల్చుకోవచ్చు: అంచులు తిన్నగా, నిండుగా ఉండాలి. అంచుల్లో రెండు లావు ధారలు కనిపించి మధ్యన పలచబడితే ఒత్తిడి చాలడం లేదని. తుంపర పొగలా పైకి లేస్తుంటే మితిమీరిందని. బ్యాటరీ స్ప్రేయర్లలో ఛార్జింగ్ దిగే కొద్దీ ఒత్తిడీ పడిపోతుంది, అది కొట్టేవాడికి తెలియకుండానే జరుగుతుంది. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, చివరి ట్యాంకుల దగ్గర విసనకర్రను మళ్లీ ఒకసారి చూసుకోండి. చేతి పంపు అయితే ఒకే లయలో తోయాలి.

5. కొలత

మూడు విషయాలు తెలియాలి: నిమిషానికి నాజిల్ వదిలే నీరు, నిమిషానికి నడిచే దూరం, పట్టీ వెడల్పు. నాజిల్ కింద కొలజాడీ పెట్టి సరిగ్గా ఒక నిమిషం పట్టండి. నడకను గట్టు మీద కాకుండా ఆ చేలోనే, నీళ్లు నింపిన డబ్బా వీపున ఉండగా కొలవండి. రోడ్డు మీద నిమిషానికి 50 మీటర్లు నడిచే మనిషి బురద మడిలో 30 నడవడం కష్టం.

లెక్క ఇది: నిమిషానికి వచ్చే లీటర్లను 4047తో గుణించి, నడక మీటర్లతో, పట్టీ మీటర్లతో భాగించాలి. వచ్చేది ఎకరానికి పట్టే నీరు.

ఒక నాజిల్, 2 బార్లు, మీటరు పట్టీ, నిమిషానికి 30 మీటర్ల నడక అనుకుంటే:

- 02 పసుపు: నిమిషానికి 0.65 లీటర్లు, ఎకరానికి సుమారు 88 లీటర్లు
- 03 నీలం: నిమిషానికి 0.98 లీటర్లు, ఎకరానికి సుమారు 132 లీటర్లు
- 04 ఎరుపు: నిమిషానికి 1.3 లీటర్లు, ఎకరానికి సుమారు 176 లీటర్లు

పలచటి చేలో 03 సరిపోతుంది. పిలకలు వేసి ఒత్తుగా ఉన్న ఎద వరిలో, ఆకు పరుచుకుంటున్న మినుములో 04 వైపు వెళ్లండి. ఇంకా మంచి పద్ధతి, 50 సెంటీమీటర్ల ఎడంతో రెండు 02 టిప్‌లు బిగించిన చిన్న బూమ్. నీరు దాదాపు 04 టిప్‌తో సమానంగానే పడుతుంది, చుక్కలు కొంచెం సన్నగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి, పట్టీ అంతటా సమంగా పడతాయి. రెండు చీలికలూ ఒకే గీత మీద ఉంటే విసనకర్రలు ఢీకొంటాయి, ఒక్కోదాన్ని కొద్దిగా ఓరగా తిప్పి బిగించండి. మూడు 03 టిప్‌లు పెట్టాలన్న ఆశ వద్దు. నిమిషానికి 3 లీటర్ల దాకా కావాలి, మామూలు బ్యాటరీ పంపు ఆ ధాటికి ఒత్తిడి నిలుపుకోలేదు.

గుణకారాలు ఇష్టం లేనివాళ్లకు సులువైన దారి ఉంది. చేలో 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కొలిచి పుల్లలు పాతండి. అది దాదాపు ఐదు సెంట్లు. డబ్బాలో గుర్తు దాకా మంచినీళ్లు పోసి, మందు కొట్టినట్టే ఆ చోటు పూర్తిగా కొట్టండి. మళ్లీ గుర్తు దాకా నింపడానికి ఎన్ని లీటర్లు పట్టిందో కొలిచి, 20తో గుణించండి. ఏడు లీటర్లు పడితే ఎకరానికి 140 లీటర్లు. మందు కొట్టేది కూలి మనిషైతే ఈ కొలత ఆయన చేతే చేయించాలి, మీ నడక లెక్క ఆయనకు పనికిరాదు.

6. ట్యాంకుకు ఎంత మందు

దుకాణంలో అందరూ అడిగేది ఇదే ప్రశ్న, అక్కడ సరైన జవాబు దొరకనిదీ ఇదే. మందు మోతాదు ఎకరానికి ఉంటుంది. ట్యాంకుకు ఎంత పోయాలన్నది మీ నాజిల్, మీ నడక తేల్చాలి.

బిస్పైరిబాక్ సోడియం 10 శాతం ఎకరానికి 100 మిల్లీలీటర్లు, 16 లీటర్ల ట్యాంకు అనుకుందాం. 04 టిప్‌తో 176 లీటర్లు పడితే 11 ట్యాంకులు, ట్యాంకుకు 9 మిల్లీలీటర్లు. 03 టిప్‌తో 132 లీటర్లు, ఎనిమిదింబావు ట్యాంకులు, ట్యాంకుకు 12. 02 టిప్‌తో 88 లీటర్లు, ఐదున్నర ట్యాంకులు, ట్యాంకుకు 18.

ఇప్పుడు 02 టిప్ ఉన్న రైతుకు ఎవరో "ట్యాంకుకు 10 పొయ్యి బాబూ" అని చెప్పారనుకోండి. ఎకరానికి 55 మిల్లీలీటర్లే పడింది. ఊద నాలుగు రోజులు పసుపెక్కి మళ్లీ కోలుకుంటుంది. పైగా చావక మిగిలిన ఊద గింజ రాల్చి, ఆ మందుకు లొంగని సంతతిని పెంచుతుంది. ఎక్కువ పోస్తే పైరు ఎర్రబారి గిడసబారుతుంది.

మందును నేరుగా ట్యాంకులో పోయొద్దు. బకెట్‌లో కొద్ది నీళ్లతో కలిపి, సగం నిండిన ట్యాంకులో పోసి, తర్వాత నింపండి. కొలతకు మందు డబ్బా మూత వాడకండి, మిల్లీలీటర్ల గీతలున్న గ్లాసు వాడండి.

7. చుక్క కిందికి దిగుతోందా?

ఇది పావుగంట పని, చేసేవాళ్లు తక్కువ. నీరు తగిలితే పసుపు నుంచి నీలానికి మారే కాగితాలు దొరికితే మంచిదే. లేకపోతే తెల్లటి మందపాటి కాగితాన్ని అగ్గిపెట్టె సైజు ముక్కలుగా కత్తిరించి, ట్యాంకు నీళ్లలో బట్టలకు పెట్టే నీలిమందు కలపండి. ఒక ముక్క పైరు తల దగ్గర పుల్లకు గుచ్చండి. రెండోది పిలకల మధ్య, ఊద ఉన్న ఎత్తులో. మూడోది నేలకు దగ్గరగా. వాటి మీదుగా మామూలు నడకతో ఒకసారి కొట్టి, ముక్కలు తీసి పక్కపక్కన పెట్టి చూడండి.

ఊద ఎత్తులో పెట్టిన ముక్క మీద చదరపు సెంటీమీటరుకు 20 నుంచి 30 చుక్కలు ఉంటే లోపలికి పాకే మందుకు సరిపోయినట్టు. తగిలిన చోట మాడ్చే మందుకైతే 30 నుంచి 40 చూడాలి. పై ముక్క నీలంగా నిండిపోయి, కింది ముక్క మీద అక్కడో చుక్క ఇక్కడో చుక్క ఉంటే పైరే మందు తాగేస్తోందన్నమాట. పెద్ద టిప్ వేసి నీరు పెంచి, నాజిల్ వాల్చి మళ్లీ చూడండి. కాగితం మొత్తం తడిసి చుక్కలు కలిసిపోయి కారుతుంటే నీరు మరీ ఎక్కువైంది, కలుపు ఆకు మీద నుంచి కూడా అలాగే కారిపోతుంది.

8. చేలో కొట్టేటప్పుడు

హాలో కోన్‌తో పురుగు మందు కొట్టిన అలవాటు కొద్దీ రాడ్డును కుడికీ ఎడమకీ ఊపుతారు. ఫ్లాట్ ఫ్యాన్‌ను ఊపకూడదు. ఊపితే మలుపు దగ్గర రెండింతలు పడుతుంది, మధ్యలో సగం పడుతుంది. మొదట్లో చెప్పిన చారలు చాలావరకు ఇలా వచ్చినవే. చీలిక నడకకు అడ్డంగా ఉండేలా బిగించి, ఎత్తు మార్చకుండా పట్టుకుని నడవాలి. సాళ్లు లేని చేలో ఏ పట్టీ ఎక్కడ అయిందో తెలియదు గనుక రెండు గట్ల మీదా మీటరుకో పుల్ల పాతి, ఒక పుల్ల నుంచి ఎదుటి పుల్లకు నడవండి.

రాడ్డును ముందుకు చాచి తడిసిన పైరులోనే నడిస్తే మందంతా కాళ్లకు అంటుతుంది. గాలి వాలుకు పక్కగా పట్టుకుని, కొట్టని వైపు నడవండి. బూట్లు, చేతి తొడుగులు, మూతికి మాస్కు ఎలాగూ ఉండాలి.

గాలి సంగతి. భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం వెంబడి పొద్దెక్కాక సముద్రపు గాలి లేస్తుంది. పొద్దున కొట్టడం మేలు. ఆకు కదలాలి, కొమ్మ ఊగకూడదు, అంత గాలి చాలు. శీతాకాలంలో మినుము మీద మంచు నీళ్లు ఆరే దాకా ఆగండి, లేకపోతే చుక్క ఆ నీటితో కలిసి జారిపోతుంది. వరిలో వెడల్పాకు కలుపుకు 2,4-డి కొడుతుంటే పక్కన ప్రత్తి, వంగ, మినుము ఉన్నాయేమో చూసుకోండి, వాటికి ఆ వాసన తగిలినా ఆకులు ముడుచుకుంటాయి.

వరిలో బిస్పైరిబాక్ కొట్టే ముందు మడిలో నీరు తీసేసి కలుపు ఆకులు బయటపడేలా చేయాలి. కొట్టిన రెండు మూడు రోజుల్లో మళ్లీ పల్చగా నీరు పెట్టి, వారం దాకా నిలపాలి. నీటిలో మునిగి ఉన్న ఊదకు ఏ నాజిల్ పెట్టినా మందు అందదు.

పెట్రోల్ పవర్ స్ప్రేయర్ గన్‌తో కలుపు మందు కొట్టొద్దు. ఆ ఒత్తిడికి మందు పొగమంచై పక్క చేలోకి పోతుంది, మోతాదు ఎంత పడిందో ఎవరికీ తెలియదు. డ్రోన్ ఎకరానికి 10 లీటర్ల చుట్టూ నీటితో పనిచేస్తుంది. ఒత్తు పైరు అడుగున ఉన్న కలుపుకు అది చాలదు, పక్కన సున్నితమైన పైరు ఉంటే అసలు వద్దు.

9. అరుగుదల, శుభ్రత

కొత్త టిప్ తెచ్చిన రోజే నిమిషం నీరు కొలిచి, ఆ అంకె స్ప్రేయర్ డబ్బా మీద చెరగకుండా రాసుకోండి. అదే ఒత్తిడి దగ్గర పది శాతం ఎక్కువ వస్తుంటే టిప్ అరిగినట్టు. 0.98 ఇచ్చే 03 టిప్ 1.08 ఇస్తుంటే మార్చేయండి. ఇత్తడివి తొందరగా అరుగుతాయి, స్టీలువి ఎక్కువ కాలం వస్తాయి, సిరామిక్‌వి అన్నింటికన్నా గట్టివి. పొడి మందులు, బురద నీళ్లు అరుగుదలను పెంచుతాయి. కాలువ గట్టున మడి నీళ్లు ముంచి ట్యాంకు నింపే అలవాటుతో నీటిని వడగట్టే జాలి కూడా మూసుకుపోతుంది. గ్లైఫోసేట్, పారాక్వాట్ అయితే మట్టి రేణువులకు అంటుకుని పనే చేయవు.

టిప్ మూసుకుపోతే పిన్నీసు, సూది, తీగ పెట్టి పొడవొద్దు. చీలిక అంచున కంటికి కనిపించని గీత పడినా విసనకర్రలో ఒక చోట ధార మొదలవుతుంది. నోటితో ఊదడం అంతకన్నా ప్రమాదం. పాత మెత్తటి టూత్‌బ్రష్, ఒక గిన్నె నీళ్లు చాలు. చేలోకి వెళ్లేటప్పుడే మరో టిప్, వాషర్ జేబులో ఉంచుకుంటే మధ్యలో ఆగిపోయే పని ఉండదు. టిప్ వెనుక జాలి తప్పక ఉండాలి: 02, అంతకన్నా పెద్ద టిప్‌లకు 50 మెష్ (అంగుళానికి 50 కన్నాలు), చిన్నవాటికి 100 మెష్.

పని అయ్యాక ట్యాంకు, గొట్టం, రాడ్డు, జాలి మూడుసార్లు కడిగి, ఆ నీటిని కొట్టిన చేలోనే వదలండి, కాలువలో కాదు. 2,4-డి వాడిన డబ్బాకు ఇది చాలదు. గొట్టం రబ్బరులో, వాషర్లలో మందు దాక్కుంటుంది, నెల తర్వాత అదే డబ్బాతో వంగకు పురుగు మందు కొట్టినప్పుడు ఆకులు మెలికలు తిరగడానికి కారణం అదే. కలుపు మందుకు ఒక స్ప్రేయర్ విడిగా ఉంచుకోవడం మేలు. అది కుదరకపోతే కనీసం గొట్టం, రాడ్డు, నాజిల్ వేరుగా కొని, వాటికి ఎర్ర టేపు చుట్టి పెట్టండి.